పిడికిట్లో వచ్చిన బదనిక

నా చిన్నప్పుడు కొన్నాళ్లపాటు మా ఇంట్లో పొద్దున లేస్తూనే ఎవరమూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ముందు వసారాలో గుంజకు కట్టిన ఒక మొక్కను చూసేవాళ్లం. అది ఎలా ఉందో చూశాకే ఆ రోజు మాట్లాడుకోవడమా, మౌనంగా తిరగడమా అన్నది తేలేది. చెట్ల కొమ్మలకు వేర్లు అంటించుకుని, మన్నుతో పని లేకుండా బతికే ఆ మొక్కను మా వైపు బదనిక అంటారు. మా మనవరాలు ఆర్కిడ్ అంటుంది. ఏ పేరైతేనేం, నాకు మాత్రం దాన్ని చూస్తే ముందు గుర్తొచ్చేది భయమే.

రామకుప్పం దగ్గర అడవి అంచున మా పల్లె. మా చేలకు ఏనుగులు కొత్తగా రావడం మొదలైన కాలం అది. అంతకుముందు మా పిల్లలకు ఏనుగంటే వినాయకుడి పటమే. రాగి కంకి ముదిరే రోజుల్లో మగవాళ్లు చెట్ల మీద మంచెలు కట్టుకుని కాపలా ఉండేవాళ్లు. మా నాయన మంచె గట్టు మీది మామిడిచెట్టు మీద ఉండేది. ఒకరోజు తెల్లవారుతుండగా ఏనుగొకటి ఆ కొమ్మను తొండంతో పట్టి లాగింది. నాయన కింద పడ్డాడు, విరిగిన కొమ్మ ఆయన కాలి మీద పడింది. పడేటప్పుడు ఆసరాకు ఆయన చేతికి చిక్కింది ఆ కొమ్మను కరుచుకుని ఉన్న బదనిక ఒక్కటే. ఇంటికి మోసుకొచ్చాక కూడా ఆయన పిడికిలి విడలేదు. మా అమ్మ మెల్లగా విప్పి దాన్ని బయటికి తీసింది. లావుపాటి తెల్లటి వేర్లలో చాలావరకు తెగి కొమ్మ మీదే ఉండిపోయాయి. మిగిలినవి రెండో మూడో, అవీ నలిగినవే.

పక్క పల్లె నుంచి కట్లు కట్టే పెద్దాయన వచ్చాడు. వెదురు బద్దలు పెట్టి, ఆకు పసరు పూసి, బిగించి కట్టు కట్టాడు. తాను చెప్పేదాకా విప్పవద్దన్నాడు. పోతూ పోతూ గడప పక్కన పడి ఉన్న బదనికను చూసి, ఇదీ ఆయనా ఒక్క కొమ్మ మీది నుంచి ఒక్కసారే పడ్డారు, ఇది తేరుకుంటే ఆయనా తేరుకుంటాడు అన్నాడు. ధైర్యం చెప్పడానికి అన్నాడో, నమ్మే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. మాట మాత్రం మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది.

ఇక చూడాలి మావాళ్ల హడావుడి. అమ్మ కొత్త కుండలో ఎర్రమన్ను, పశువుల ఎరువు నింపి, దాన్ని అందులో నాటి, కుండను గుంజకు కట్టింది. పసుపు నీళ్లు పోసింది. ఇంట్లో ఉన్న పాలూ పోసింది. నాయనను పలకరించడానికి వచ్చినవాళ్లు వచ్చినట్టే ఒక చెంబెడు నీళ్లు దాని మొదట్లో గుమ్మరించి, అప్పుడు లోపలికి వచ్చేవాళ్లు. కొమ్మ మీద గాలి పీల్చుకుంటూ బతికేదాన్ని మన్నులో పూడ్చి పొద్దస్తమానం తడిపితే ఏమవుతుంది? ఆకులు ముడతలు పడ్డాయి. దాహమేమోనని ఇంకా పోశారు. అడుగు ఆకు పసుపుపచ్చగా తిరిగింది.

నాయన మంచం మీది నుంచి ఆ గుంజ కనబడేది కాదు. నేను పొద్దున లోపలికి పోగానే ఆయన అడిగేవాడు.

"ఎట్లుండాది పాపా?"

తన కాలి సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఆకు రాలిపోయిన రోజు నేను గడప దగ్గరే ఆగిపోయాను. ఆయనకు అర్థమైపోయింది, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ తెచ్చిన రాగి గంజి తాగలేదు. అమ్మా బతిమాలలేదు. గిన్నె కింద పెట్టి వచ్చి కుండ ముందు కూర్చుంది. ఆ రోజు మా ఇంట్లో మళ్లీ పొయ్యి వెలగలేదు. అప్పటికే గదిలో ఒక వాసన మొదలైంది. పసరు వాసనేలే అనుకున్నారు అందరూ. ఈగలు మాత్రం అలా అనుకోలేదు.

కబురు ఆలస్యంగా అంది, పుంగనూరు నుంచి మా అవ్వ వచ్చింది. అవ్వ అంటే మా అమ్మను కన్నతల్లి. బస్సు దిగి ఎండలో నడిచొచ్చి వసారా ఎక్కింది. ఆమె ఆ మొక్కను చూసి ఏమంటుందోనని అందరూ చుట్టూ చేరారు. ఆమె దారికి అడ్డం ఉన్న రోలును తప్పుకున్నట్టు దాన్ని తప్పుకుని లోపలికి పోయింది. నాయన దుప్పటిని కాళ్ల వైపు నుంచి ఎత్తి, కట్టు బయటికి కనబడే కాలివేళ్లను ఒక్కొక్కటిగా నొక్కి చూసింది. బయటికి వచ్చి, చేయి కడుక్కుని, ఈ పొద్దే ఈయన్ని మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోవాలని చెప్పింది.

ఎవరూ ఒప్పుకోలేదు. చెట్టు ఇలా వాడి ఉన్నప్పుడు మనిషిని గడప దాటిస్తే దక్కడని మా పెదనాయన అన్నాడు. ఒక్క చిగురు కనబడనీ, ఆ రోజే బండి కట్టిద్దామని అమ్మ ఏడ్చింది. అవ్వ వాదించలేదు. ఆమె నోటికి పుంగనూరులో ఒక వీధి వీధంతా భయపడేది. అలాంటిది మారుమాట్లాడకుండా గోడకు ఆనుకుని కూర్చోవడం చూసి నాకు ఇంకా భయమేసింది.

మరునాడు లేచేసరికి గుంజ కింద కుండ పగిలి ఉంది. మన్ను చెల్లాచెదురుగా పడి ఉంది. బదనిక లేదు. అవ్వ చీపురుతో ఆ మన్ను ఊడుస్తోంది.

"మేక తినేసిండాది," అంది తల ఎత్తకుండా.

అమ్మ ఉన్నచోటనే కూలబడింది. ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దం ఏడుపో, మరింకేదో నేను చెప్పలేను. పెదనాయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, చావింటి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. లోపల నాయన అంతా విన్నాడు. ఆ పొద్దు ఆయన నన్నేమీ అడగలేదు. అవ్వ చీపురు పక్కన పడేసి, నడుం నిటారుగా చేసుకుని అందరి వైపూ చూసింది.

"అది పాయ గదా. ఇంగన్నా మనిషిని సూడండప్పా."

అందరూ ఒక్కొక్కరుగా లోపలికి నడిచారు. ఆయన పడిన నాటి నుంచి అందరం మంచం చుట్టూ చేరి ఆయన్ని చూడటం అదే మొదలు. అవ్వ కట్టు విప్పింది. నన్ను బయటికి పొమ్మన్నారు గానీ అప్పటికే చూసేశాను. పాదం పండిన నేరేడు రంగులో ఉంది. పెదనాయన పరుగెత్తి ఎద్దులను బండికి కట్టాడు. రామకుప్పం దాకా బండిలో, అక్కడి నుంచి మదనపల్లెకు జీపులో తీసుకుపోయారు. ఆయన వెంట అమ్మా పెదనాయనా పోయారు.

నన్ను అవ్వ తనతో పుంగనూరు తీసుకుపోయింది. బస్సులో తన సంచి నా ఒళ్లో పెట్టింది. ఏదో గుచ్చుకుంటుంటే తెరిచి చూశాను. గోనెపట్టా ముక్కలో చుట్టి బదనిక ఉంది. నేను నోరు తెరిచి ఆమె ముఖంలోకి చూశాను.

"మేక కక్కిండాది లే. మూయి," అంది. ఆ దారి పొడవునా ఆమె మాట్లాడింది అంతే.

ఇంటికి చేరగానే, కుళ్లి మెత్తబడిన వేరును బ్లేడుతో కోసేసి, కోసినచోట పసుపు అద్దింది. నీడలో బాగా ఆరనిచ్చింది. ఒక మామిడి కట్టెకు కొబ్బరి పీచు చుట్టి, మొక్కను దానిమీద అరటినారతో కట్టి, పెరట్లో నీళ్లతొట్టి పైన జామకొమ్మకు వేలాడదీసింది. పొద్దున కాసిన్ని నీళ్లు చిలకరించేది. మధ్యాహ్నానికి వేర్లు ఆరి తెల్లబడేవి, మళ్లీ పొద్దున దాకా దాని జోలికి పోనిచ్చేది కాదు. ఇంతేనా అని నేను గొణిగితే, నోరే లేనిదానికి కుండెడు కూడు పెడితే ఎట్లా తింటుంది, ముందు ఊపిరి తీసుకోనీ అని కసిరింది. తొట్టిలోంచి లేచే చల్లదనం దానికి చాలునట.

నేను మాత్రం కళ్లు తెరవగానే జామచెట్టు కిందికి పరుగెత్తేదాన్ని. ఒక పొద్దున అవ్వ నా జడ పట్టుకుని ఆపింది.

"మీ నాయన ఎట్లుండాడో దీనికేం తెలుస్తాది పాపా? ఆడి నుంచి వచ్చినోళ్లను అడుగు."

ఆడి నుంచి వచ్చేది అవ్వ కొడుకు, మా మామ. మదనపల్లెకు అన్నం తీసుకుపోయి సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేవాడు. ఆ రోజు నుంచి నేను బస్సు కోసం కాచుకుని ఉండేదాన్ని.

అలా ఉండగా ఒకరోజు పాత వేరు పక్కన పెసరగింజంత పచ్చని మొన కనబడింది. కొత్త వేరు. అవ్వ ఎంత చెప్పినా మనసు ఊరుకుంటుందా, నాయన లేచి కూర్చుని ఉంటాడనే అనుకున్నాను. సాయంత్రం మామ బస్సు దిగాడు. మోకాలి కింద కాలు తీసేశారని, అయినా జ్వరం దిగలేదని, ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారని చెప్పాడు. నేను పెరట్లోకి పోయి ఆ పచ్చని మొనను గిల్లేయబోయాను. అవ్వ చూసింది. అరవలేదు, నా చేయి పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. పాపం దానిదేముంది, దాని బతుకు అది బతుకుతోంది అంది. అంత నోరున్న మనిషి కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం నేను ఆ పొద్దే చూశాను.

నాయన బతికాడు. చంకకర్రలతో పుంగనూరు వచ్చినప్పుడు బదనిక కొత్త వేర్లతో కట్టెను గట్టిగా పట్టుకుని ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, ఏ మేక అత్తా అది అని అడిగాడు. అందరం నవ్వాం, అమ్మ తప్ప. అమ్మ దానికి చేతులు జోడించింది. అది బతికింది గనుకే ఆయన బతికాడని పోయేదాకా అంటూనే ఉండింది. ఆ కుండను చూస్తూ కూర్చున్న రోజుల్లోనే తెచ్చి ఉంటే కాలు కూడా దక్కేదని డాక్టరు అన్నాడట. ఆ మాటను అవ్వ అమ్మ చెవిన పడనివ్వలేదు. నేను పిల్లల తల్లినయ్యాక నాకు మాత్రం చెప్పింది.

దాని పిలక ఒకటి ఇప్పుడు మదనపల్లెలో మా ఇంటి పెరట్లో వేలాడుతోంది. మా ఆయనకు షుగరు. చెప్పు కరిచి కాలికి చిన్న పుండు పడితే కట్టు కట్టించుకుని వచ్చాం. మానుతోందిలే అంటున్నారు అందరూ. నిన్న పొద్దున బదనిక పూసింది. ఎన్నో ఏళ్లుగా మొగ్గ తొడగనిది, లేత పసుపు రేకుల మీద గోధుమరంగు గళ్లతో, మధ్యలో నీలిరంగు నాలుకతో గుత్తిగా పూసింది. కోడలు ఫోనులో ఫొటో తీసి చుట్టాలందరికీ పంపింది. మంచి శకునం అత్తమ్మా, ఇక మామయ్యకు తగ్గిపోతుంది అంది. ఆ వాసన పెరడంతా నిండి ఉంది. అబద్ధమెందుకు, నాకూ అక్కడే ఇంకాసేపు నిలబడాలనిపించింది.

లోపలికి పోయాను. ఆయన నిద్రపోతున్నాడు. దుప్పటిని కాళ్ల వైపు నుంచి ఎత్తి, కాలివేళ్లను ఒక్కొక్కటిగా నొక్కి చూశాను. చివరి వేలి దగ్గర మొన్నటిదాకా లేని నలుపు ఉంది. గట్టిగా నొక్కినా ఆయన నిద్ర చెదరలేదు. బయటికి వచ్చి, చేయి కడుక్కుని, ఆటో పిలవమని కొడుక్కి చెప్పాను.