ఎదుట లేనివారి వకీలు

“...అయితే తప్పు మనదేనంటారా?”

“మనదని నేనెప్పుడన్నానమ్మా? వాళ్ళది కాదంటున్నా.”

“సార్, మనం రాసిచ్చింది ఆకుపచ్చ. వాళ్ళు పంపింది నీలం. మైలవరం లారీ ఎల్లుండి డెలివరీ. తప్పు మనది కాక, వాళ్ళది కాక, మరి రంగుదా?”

“ఆ పెయింటు కొట్లో కుర్రాడికి ఇంట్లో ఏం ఇబ్బందో! పెళ్ళానికి ఒంట్లో బాగోలేదేమో. రాత్రంతా ఆస్పత్రిలో కూర్చుని పొద్దున్నే కొట్టుకొచ్చాడేమో. నిద్ర కళ్ళకి ఆకుపచ్చ నీలంగా కనపడదూ?”

“అతనికి పెళ్ళే కాలేదు సార్.”

“చూశావా! ఆ దిగులొకటి.”

పెయింటు కొట్టుకి చెయ్యబోయిన ఫోను హెలెన్ బల్ల మీద పెట్టేసింది. ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే ఆ షెడ్డులో ఆఫీసు పని చూడటం మొదలుపెట్టి పద్నాలుగేళ్ళయింది. ఆ పద్నాలుగేళ్ళలో యజమాని వెంకటప్పయ్యతో ఆమె ఒక్క తగువులోనూ నెగ్గలేదు. నెగ్గడం కుదరదు కూడా. ఎందుకంటే ఆయన వాదించేది తన కోసం కాదు. ఎదుట లేని మనిషి కోసం.

ఆయనకున్న గుణం అదొక్కటే. మిగతా అన్ని విషయాల్లోనూ మామూలు మనిషి. ఉదయం తొమ్మిదికి వస్తాడు, మధ్యాహ్నం పెరుగన్నం తింటాడు, స్కూటరు తనే తుడుచుకుంటాడు. కాని ఆయన ముందు, అక్కడ లేని మనిషిని ఎవరైనా ఒక్క మాట అన్నారా, కుర్చీలో ముందుకు జరుగుతాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెడతాడు. ఆ కళ్ళజోడు బల్ల మీదికి వచ్చిందంటే కనీసం అరగంట పడుతుందని షెడ్డులో అందరికీ తెలుసు. కరెంటు పోతే కరెంటు ఆఫీసు వాళ్ళ తరఫున మాట్లాడతాడు. కరెంటు ఆఫీసు మనిషి మీటరు చూడటానికి వస్తే, కరెంటు లేక చెమటలు కక్కిన వీధి జనం తరఫున మాట్లాడతాడు. ఇద్దరూ ఒకేసారి ఎదురుగా ఉంటే పేపరు చదువుకుంటాడు.

ఒకసారి చల్లపల్లి నుంచి లారీల ఆసామి ఒకాయన వచ్చాడు. పక్క వీధి షెడ్డులో కట్టించిన బాడీ ఆరు నెలలకే కిర్రుమంటోందనీ, ఇక మీదట నాలుగు లారీలూ వెంకటప్పయ్య దగ్గరే కట్టిస్తాననీ అన్నాడు. హెలెన్ లేచి కూల్‌డ్రింకు తెప్పించబోయింది. ఈలోగా కళ్ళజోడు బల్ల మీదికి వచ్చింది.

“మీ లారీలో ఏం ఎక్కించారండీ?”

“ధాన్యం.”

“ఎన్ని టన్నులు?”

ఆసామి చెప్పాడు. వెంకటప్పయ్య తల అడ్డంగా ఊపాడు. “అంత ఎక్కిస్తే ఏ బాడీ అయినా కిర్రుమంటుందండీ. పాపం అతను మంచి పనివాడు. మీరే అన్యాయంగా మాట్లాడుతున్నారు.” ముప్పావుగంట తరవాత ఆసామి పూర్తిగా ఒప్పుకుని, అతనికి క్షమాపణ చెప్పుకోవడానికి పక్క వీధికి వెళ్ళాడు. నాలుగు లారీలూ అక్కడే కట్టించాడు. హెలెన్ తెప్పించిన కూల్‌డ్రింకు హెలెనే తాగింది.

ఈ గుణానికి లొంగని చోటు లేదు. ఒక క్రిస్మస్‌కి హెలెన్ వాళ్ళింట్లో ప్రార్థన కూటం పెట్టుకుని ఆయన్ని కూడా పిలిచింది. పాస్టరు గారు బేత్లెహేము సత్రం సంగతి ఎత్తుకుని, నిండు గర్భిణికి చోటివ్వని ఆ సత్రం యజమాని గుండె ఎంత కఠినమైనదో కన్నీళ్ళొచ్చేలా చెబుతున్నారు. వెనక వరసలోంచి గొంతు వినిపించింది.

“అయ్యా, చిన్న మనవి. ఆ టైములో జనాభా లెక్కలని మీరే అన్నారు. ఊరంతా జనమేనన్నారు. పుష్కరాలప్పుడు మన బస్టాండు దగ్గర లాడ్జిలో రూము దొరికిందా? పాపం ఆయన లేదనేసి ఊరుకోకుండా పశువుల పాకైనా చూపించాడు. ఆయన మాట ఎవరూ రాయలేదు కదండీ!”

పాస్టరు గారు పుస్తకం మూసి కాసేపు పైకప్పు వంక చూశారు. మరుసటి ఏడు ఆయన సత్రం జోలికి పోకుండా గొర్రెల కాపరుల దగ్గరే కథ మొదలుపెట్టారు.

ఆయన గుణం బాగా పట్టుకున్నది భార్య వెంకటరత్నమ్మ ఒక్కతే. భర్తతో ఏదైనా సాధించుకోవాలంటే ఆవిడ ఎదురుగా నిలబడి అడగదు. ఆడపడుచు చేత ‘వదినకి అదెందుకట’ అనిపించి, తను వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఫ్రిజ్జు అలాగే వచ్చింది. తిరుపతి ప్రయాణమూ అంతే.

ప్రభుత్వం కనీస వేతనాలు పెంచబోతోందన్న వార్త పేపర్లో వచ్చిన రోజు, వెల్డింగు మేస్త్రీ జాన్‌బాబు పెయింటరు యేసుకుమార్‌నీ మరో ఆరుగురినీ వెంటబెట్టుకుని ఆఫీసు గదిలోకి వచ్చాడు. నెలకు రెండు వేల దాకా పెరుగుతుందని రాశారు. అభ్యంతరాలున్నవాళ్ళు చెప్పుకోవడానికి గడువిచ్చారు.

“ఓనరు గారూ, గవర్నమెంటు ఎప్పటికి తేలుస్తుందో తెలీదు. మన షెడ్డు మట్టుకు మీరే తేల్చెయ్యండి. ఎవరో పోరితే ఇచ్చారని కాకుండా మీ అంతట మీరే ఇచ్చారన్న మాటుంటుంది,” అన్నాడు జాన్‌బాబు.

కళ్ళజోడు బల్ల మీదికి వచ్చింది.

“బాగానే ఉందయ్యా జాన్‌బాబూ. మరి లారీ ఓనర్ల సంగతేంటి? డీజిలెంత? టైరెంత? టోల్ గేట్ల దగ్గర ఎంత వదులుతున్నారు? మనం కూలి పెంచితే బాడీ రేటు పెంచాలి. పాపం వాళ్ళెక్కడికి పోతారు?”

“వాళ్ళు కార్లలో తిరుగుతున్నారు సార్,” అన్నాడు యేసుకుమార్.

“ఆ కారు కంతులు ఎవరు కడుతున్నారో నీకేం తెలుసు?”

అరగంటయ్యాక ఎనిమిదిమందీ లారీ ఓనర్ల కష్టాలు మోసుకుంటూ బయటికొచ్చారు. జాన్‌బాబు మాత్రం హెలెన్ బల్ల దగ్గర ఆగిపోయాడు.

“చెల్లెమ్మా, గన్నవరం వైపు ఒక షెడ్డువాళ్ళు రెండు వేలు ఎక్కువిస్తామన్నారు. సోమవారం సాయంత్రానికి మాట చెప్పాలి. పంతొమ్మిదేళ్ళు చేసిన చోటు. వెళ్ళాలని లేదు. కానీ ఇల్లు గడవట్లేదు.”

జాన్‌బాబు వెళ్తే వెనకాల యేసుకుమార్ వెళ్తాడు. ఆ ఇద్దరూ వెళ్ళాక ఆ షెడ్డులో మిగిలేది తనూ, కళ్ళజోడూ. హెలెన్‌కి ఆ లెక్క క్షణంలో అర్థమైంది.

“అన్నయ్యా, అసలు మీరు ఆయన ఎదురుగా వెళ్ళడమే తప్పు,” అంది.

“జీతం పెంచమని అడగడానికి ఎదురుగా వెళ్ళక, గోడవతల నిలబడి కేకెయ్యమంటావా?”

హెలెన్ నిజంగానే ఆ సంగతి ఆలోచిస్తుండగా, స్పేరుపార్టుల కొట్టు పవన్‌కుమార్ లోపలికొచ్చాడు. ఓనర్ల సంఘానికి అతను కొత్త కార్యదర్శి. తెల్లచొక్కా, చేతిలో ఫైలు.

“మేడమ్, శనివారం మన హాల్లో మీటింగు. ఈ వేతనాల మీద అభ్యంతరం రాసి పంపాలి. మన తరఫున గట్టిగా మాట్లాడ్డానికి వెంకటప్పయ్య గారిని పెట్టుకుందామని అందరూ అన్నారు. వాదనలో ఆయన్ని కొట్టినవాడు ఆటోనగర్ మొత్తమ్మీద లేడంటగా?”

“లేడండీ,” అంది హెలెన్. అది నిజమే. “హాల్లో ఎవరెవరుంటారు?”

“ఓనర్లమే. బయటివాళ్ళు ఎవరూ ఉండరు.”

“వర్కర్ల నుంచి ఒక్కరు కూడా?”

“వాళ్ళెందుకండీ మధ్యలో?”

హెలెన్ చెప్పాలనే నోరు తెరిచింది. ఆయన ఓనర్ల తరఫున మాట్లాడాలంటే హాలు నిండా వర్కర్లని కూర్చోబెట్టాలి బాబూ అని చెప్పడం ధర్మం. తెరిచిన నోటితో గ్లాసెడు మంచినీళ్ళు తాగి ఊరుకుంది.

శనివారం పదకొండింటికి సంఘం మేడమీద హాల్లో ముప్పైమంది ఓనర్లు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఫ్యాన్లు వేడిగాలిని అటూ ఇటూ మారుస్తున్నాయి. జరిగింది రాసుకోవడానికి హెలెన్‌ని కూడా తీసుకెళ్ళాడు వెంకటప్పయ్య. ముందు నలుగురు లేచి, పని చేసేవాళ్ళకి ఈమధ్య ఒళ్ళు వంగడం లేదనీ, ఎంతిచ్చినా చాలదంటారనీ చెప్పారు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. పవన్‌కుమార్ మైకు అందించాడు. వెంకటప్పయ్య లేచి కళ్ళజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“మా షెడ్డులో జాన్‌బాబని మేస్త్రీ ఉన్నాడు. పదిహేనో తారీఖు దాకా రామవరప్పాడు నుంచి షేరాటోలో వస్తాడు. పదహారు నుంచి నడిచొస్తాడు. ఏంటయ్యా అంటే డాక్టరు నడవమన్నాడంటాడు. పదహారో తారీఖు నుంచి నడవమనే డాక్టరెవరండీ?”

ఒకళ్ళిద్దరు నవ్వారు. తరవాత మానేశారు.

“యేసుకుమార్ అని పెయింటరు. నెలాఖర్లో క్యారేజీ మూత అడ్డం పెట్టుకుని తింటాడు. అందులో కూరుంటే మూత అడ్డం ఎందుకు?”

హెలెన్ కలం ఆగిపోయింది. జాన్‌బాబు నడక సంగతి ఆమెకు తెలియదు. మూత సంగతి తెలిసినా, అలా ఎప్పుడూ ఆలోచించలేదు.

పవన్‌కుమార్ గబగబా దగ్గరికొచ్చాడు. “సార్, సార్! మిమ్మల్ని మాట్లాడమన్నది మన తరఫున.”

“మనం ముప్పైమందిమి ఉన్నాం కదయ్యా. మన మాట మనం చెప్పుకోలేమా? దానికింకో మనిషెందుకు? వర్కర్లే ఒక్కరూ లేరిక్కడ.”

“వర్కర్లు లేరంటారేంటి, మీ హెలెన్ గారున్నారుగా!” అన్నారెవరో.

“ఆవిడ రాసుకోడానికి వచ్చింది. కుర్చీ కూడా గోడ పక్కనేశారు. ఆవిడ లేచి మాట్లాడితే వింటారా మీరు?”

అప్పుడు మూడో వరసలోంచి బుల్లెమ్మ లేచింది. లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టే చిన్న కొట్టు ఆమెది. భర్త పోయాక తనే నడుపుతోంది.

“అన్నయ్యగారూ, మీరన్నవన్నీ నిజమే. నా దగ్గర ఇద్దరు కుడతారు. పని చూస్తే ఒకరికే సరిపోతోంది. మణెమ్మ మీద జాలితో ఇద్దర్నీ ఉంచా. రేపు గవర్నమెంటు రెండు వేలు పెంచమంటే, నేను మణెమ్మని మానిపించక తప్పదు. ఆ పాపం ఎవరిది?”

పొద్దుటినుంచి ఆ హాల్లో వచ్చిన మాటల్లో అడ్డం చెప్పడానికి వీల్లేనిది అదొక్కటే. వెంకటప్పయ్య హాలంతా ఒకసారి కలయజూశాడు. ఆఖరికి, “మణెమ్మ రాలేదా?” అన్నాడు.

“రాలేదండీ. ఎవరూ పిలవలేదుగా.”

ఆయన కూర్చున్నాడు. తరవాత గంటసేపు ముప్పైమందీ ఒకళ్ళమీద ఒకళ్ళు అరుచుకున్నారు. అభ్యంతరం ఉత్తరంలో ‘గౌరవనీయులైన’ దగ్గరే బండి ఆగింది. మెట్లు దిగుతుంటే పవన్‌కుమార్ హెలెన్‌ని ఆపాడు.

“మేడమ్, మీకు ముందే తెలుసు కదూ?”

“ఏమిటండీ తెలిసేది?” అంది హెలెన్. పద్నాలుగేళ్ళలో ఆమెకు అంత హాయిగా ఎప్పుడూ లేదు.

షెడ్డుకొచ్చి జాన్‌బాబుకి నడక సంగతి చెప్పింది. అతను చేతిలోని వెల్డింగు రాడ్డు కింద పెట్టాడు. “ఆయనకెలా తెలుసు? నేను సందులోంచి వస్తాను గదా,” అన్నాడు.

ఆ హాయి సోమవారం దాకానే. పొద్దున్నే ఎనిమిదిమందీ ఆఫీసు గదిలో వరసగా నిలబడ్డారు. ఎదురుగా! హెలెన్ వద్దని సైగ చేస్తూనే ఉంది. జాన్‌బాబు చూడలేదు.

“ఓనరు గారూ, సాయంత్రంలోగా అవతలి షెడ్డుకి మాట చెప్పాలి. మీ మాటేంటో తెలిస్తే...”

కళ్ళజోడు బల్ల మీదికి వచ్చింది.

“అక్కడిప్పుడు వెల్డింగు ఎవరు చేస్తున్నారు?”

“ఎవరో పెద్దాయనంట సార్.”

“నువ్వెళ్తే ఆయనేమవుతాడు? ఈ వయసులో ఎవరు పనిస్తారు? ఆలోచించావా?”

“నాకు ఆయన పేరు కూడా తెలీదు సార్!”

“పేరు తెలీకపోతే ఆకలెయ్యదా? సరే, అది అలా ఉంచు. బుల్లెమ్మ గారి సంగతి తెలుసా మీకు?” అని మొదలుపెట్టాడు. బుల్లెమ్మ ఎలా కొట్టు నిలబెట్టిందో చెప్పాడు. మణెమ్మ మిషను తొక్కి తొక్కి మోకాలు ఎలా వాచిందో చెప్పాడు. కూలి పెరిగితే ఆమెకి ఉన్న పని ఎలా పోతుందో చెప్పాడు. పావుగంటయింది. యేసుకుమార్ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారాడు. అరగంటయింది. జాన్‌బాబు మెల్లగా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“అంటే పెంచరన్నమాట. సరే సార్. దండం,” అని వెనక్కి తిరిగాడు.

“సార్!”

అంత గట్టిగా అరిచింది తనేనని హెలెన్‌కి ఒక క్షణం తెలియలేదు. లేచి నిలబడి ఉంది. “ఊళ్ళో ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరి తరఫునా మాట్లాడారు. పెయింటు కొట్టు అబ్బాయి తరఫున, సత్రం వాడి తరఫున, పేరు తెలియని మేస్త్రీ తరఫున. పద్నాలుగేళ్ళుగా వింటున్నా. ఇదిగో, ఈ ఎనిమిదిమందీ మీ ముక్కు ముందు నిలబడ్డారు. వీళ్ళ సంగతి చెప్పండి!”

వెంకటప్పయ్య ఆమె వంక ఆశ్చర్యంగా చూశాడు. తరవాత ఎనిమిదిమందినీ, ఇప్పుడే లోపలికి వచ్చినట్టు, ఒక్కొక్కరినీ చూశాడు.

“వీళ్ళ సంగతి శనివారమే అయిపోయిందిగా హెలెనమ్మా? ఓనర్ల తరఫున ముప్పైమంది మాట్లాడారు. వీళ్ళ తరఫున నేనొక్కణ్ణే మాట్లాడా. నువ్వూ విన్నావు. ఎంత విన్నా నాకు నా మాటే సబబనిపించింది. ఇవాళ నాకు తేలంది మణెమ్మ ఒక్కతే. ఈ అరగంటా దానికే పట్టింది.”

“మరి...” అన్నాడు గుమ్మంలో ఆగిపోయిన జాన్‌బాబు.

వెంకటప్పయ్య బల్ల మీది కళ్ళజోడు అందుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“రాసుకో అమ్మా. ఒకటో తారీఖు నుంచి మన షెడ్డులో అందరికీ కొత్త జీతం. గవర్నమెంటు ఇచ్చినా, ఇవ్వకపోయినా. మన లారీల టార్పాలిన్లు గుంటూరు నుంచి తెప్పించడం ఇవాళ్టితో ఆపేస్తున్నాం. అన్నీ బుల్లెమ్మ గారి కొట్లోనే కుట్టించాలి, ఇద్దరూ మిషన్ల మీద ఉంటేనే.”