జాజి మేకకి రెండో కొమ్ము

నా చిన్నప్పుడు మా మేనత్త వాళ్ల మేక ఒకటి తప్పిపోతే, నేను గీసిన బొమ్మ పట్టుకుని సంతకి వెళ్లి దాన్ని ఇంటికి తెచ్చుకున్నామని ఇన్నేళ్లుగా చెప్పుకుంటూ వస్తున్నాను. పెళ్లిళ్లలో చెప్పాను, ఆఫీసులో చెప్పాను, నా పిల్లలకి అన్నం తినిపిస్తూ చెప్పాను. మొన్నామధ్య ఒక బడివాళ్లు పిల్లల బొమ్మల పోటీకి పిలిచి దండ వేస్తే మైకు ముందు కూడా అదే చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండో వరసలో కూర్చున్న మా అత్త కూడా కొట్టింది. అందరూ ఆపేశాక కూడా కొడుతూనే ఉంది. ఆ చప్పుడు ఇంటికి వచ్చాక కూడా నన్ను వదల్లేదు. మేక తప్పిపోవడం నిజం, తిరిగి రావడం నిజం, నేను బొమ్మ గీయడమూ నిజమే. మిగతాది సరిచేయాలి.

అత్త వాళ్లది నరసన్నపేట దగ్గర ఊరు. మావయ్య బడిపంతులు. ఊరి చివర వాళ్లకి చిన్న తోట ఉండేది. తోట అనడమే గానీ అందులో అమ్ముకునేంత పంట ఎప్పుడూ పండలేదు. కొన్ని కొబ్బరిచెట్లు, ఒక పనసచెట్టు, అరటి పిలకలు, ఒక మూల బాతుల కోసం తవ్విన నీళ్లగుంట. మిగిలిన జాగా అంతా జంతువులదే. బండి లాగలేక మానుకున్న ఒక ముసలి ఎద్దు, బాతులు, కోళ్లు, రెండు మేకలు. ఎద్దు పని చేసేది కాదు. బాతులు గుడ్లు ఎక్కడ పెడతాయో ఎవరికీ దొరికేది కాదు. కోడిని కోయడానికి అత్తకి మనసొప్పేది కాదు. "మేస్టారు జీతం తెచ్చి మేకలకి మేపుతన్నాడు" అని ఊళ్లోవాళ్లు నవ్వేవారు. మావయ్య కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. "మరేటి సేస్తాం? మీ సెల్లి నాతో కన్నా ఆటితోనే బాగా మాటాడతాది" అనేవాడు.

పశువుల పాకకి ఒక పొడవాటి మట్టిగోడ ఉండేది. అత్త దాని మీద బొమ్మలు వేసేది. సున్నం, ఇటుకపొడి, జాజు అనే ఎర్రమట్టి, దీపం మసి, ఇవే ఆవిడ రంగులు. ఈతపుల్ల చివర నమిలి కుంచె చేసుకునేది. కొత్త జంతువు ఏది వచ్చినా ముందు గోడ ఎక్కాలి, ఆ తర్వాతే పాకలోకి అడుగుపెట్టాలి. అది ఆ తోట పద్ధతి. ఒక్కో జంతువుని రెండుసార్లు వేసేది, ఈ పక్కనుంచి ఒకటి, ఆ పక్కనుంచి ఒకటి. నాకు అది దండగలా అనిపించేది. రెండో పక్క కూడా మేకే కదా అత్తా అని ఒకసారి అడిగాను. ఆవిడ కుంచె ఆపకుండానే, "నీకు ఎడం సెంప మీద పుట్టుమచ్చ ఉన్నాది. కుడిసెంప మీద ఉన్నాదేటి?" అంది. తడుముకుని చూసుకున్నాను గానీ నాకు పెద్దగా ఎక్కలేదు.

అప్పటికి నాకు తొమ్మిదో పదో ఏళ్లు. వేసవి సెలవులు వచ్చాయంటే ఆ తోటలోనే. బొమ్మలు బాగా వేస్తానని ఇంట్లో నాకు పేరు. నిజం చెప్పాలంటే నేను వేసేవి కేలండర్లలో చూసి వేసిన ఆవులు. మెరిసే కళ్లు, దిద్దినట్టుండే కొమ్ములు, ఒంటి మీద ఈగ కూడా వాలని ఆవులు. తోటలో ఉన్న వాటికీ వాటికీ పోలికే ఉండేది కాదు. ఆ తప్పు తోటలో వాటిదే అనుకునేవాణ్ణి.

ఆ రెండు మేకల్లో ఒకటి నాది. అంటే నాదని నేను అనుకున్నాను, అదీ అలాగే అనుకుందని నా నమ్మకం. ఒళ్లంతా జాజు రంగు, అక్కడక్కడా తెల్లమచ్చలు. అందుకే జాజి అని పిలిచేవాళ్లం. నేను ఎటు వెళితే అటు వచ్చేది. మంచం మీద పడుకుంటే పక్కన నిలబడి చొక్కా గుండీలు నమిలేది. దానికి ఎడమ కొమ్ము సగమే ఉంది, పిల్లప్పుడెక్కడో విరిగిపోయింది. ఎడమ చెవికి చీలిక ఉంది. అత్త గోడ మీద దాన్ని ఉన్నది ఉన్నట్టు వేసింది, సగం కొమ్ముతో సహా. నాకు అది బాధనిపించింది. చూసినవాళ్లు జాజిని వెక్కిరిస్తారేమో అనిపించింది. అందుకని నేను కాగితం మీద వేసుకున్న బొమ్మలో రెండో కొమ్ము పూర్తిగా పెట్టాను. చెవి చీలికని కూడా పెన్సిల్‌తోనే కుట్టేశాను. అత్త ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూసి, "బాగున్నాది. జాజి సూస్తే మురిసిపోతాది" అని తిరిగి నా చేతికిచ్చింది.

ఒకరోజు సాయంత్రం జాజి తాడు కొరుక్కుని, రోడ్డు మీద పోతున్న ఏదో మేకలమందలో కలిసిపోయింది. చీకటి పడేదాకా వెతికాం. దొరకలేదు. మర్నాడు సంత. మందలో కలిసిన మేక సంతకి వస్తుంది, సంతకి వచ్చిన మేకని బేరగాళ్లు కొంటారు, మధ్యాహ్నానికి వ్యాన్ ఎక్కిస్తారు, వ్యాన్ విశాఖపట్నం కబేళాకి వెళుతుంది. ఇదంతా ఎవరూ నాకు విడమర్చి చెప్పలేదు. పెద్దవాళ్లు నా ముందు మాట్లాడుకోవడం మానేసిన తీరు చూసి నాకే అర్థమైంది.

మావయ్య ఏదో పని మీద శ్రీకాకుళం వెళ్లాడు. పొద్దున్నే అత్త చీర కొంగు దోపుకుని, "పద. నీ బొమ్మ కూడా అట్టుకో. నోటితో సెప్తే మేకలన్నీ ఒకలాగే ఉంటాయి" అంది. నేను ఆ కాగితాన్ని గుండెలకి ఆనించుకుని బయలుదేరాను. దారంతా జాజి కన్నా బొమ్మ గురించే ఎక్కువ ఆలోచించానని ఇప్పుడు గుర్తు చేసుకుంటే సిగ్గేస్తుంది. సంతలో తాళ్లు అమ్మే ముసలమ్మకి చూపించాను. ఆవిడ కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "ఓలమ్మ, ఎంత సక్కని లేగదూడ!" అంది. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

మేకల వరసలో నేనే మొదట జాజిని చూశాను. ఒక వ్యాన్‌కీ గోడకీ మధ్య ఇరుకులో చాలా మేకల్ని కుక్కి కట్టేశారు. జాజి కుడిపక్క గోడకి ఆనుకుపోయింది, ఎడంపక్క మా వైపు ఉంది. మమ్మల్ని చూసి గట్టిగా అరిచింది. అత్త ఆ బేరగాణ్ణి పిలిచి మేక మాదంది. అతను చెడ్డవాడేం కాదు. పొద్దున్నే ఒకడి దగ్గర మందంతా కొన్నానన్నాడు. పిలిస్తే పలుకుతోంది చూడమని అత్త అంటే, "పిలిస్తే ఏ మేకైనా పలుకుతాదమ్మా. మా ఆడది పిలిస్తే నానూ పలుకుతాను" అన్నాడు. చుట్టూ జనం చేరారు. గొడవేమిటో చూద్దామని సంతలో ఆశీలు వసూలు చేసే పెద్దాయన వచ్చాడు. అక్కడ ఆయన మాటే తీర్పు. మీ మేకకి ఆనవాళ్లు ఏమున్నాయని అడిగాడు.

అత్త నోరు తెరిచే లోపు నేను ముందుకి దూకి నా కాగితం ఆయన చేతిలో పెట్టాను.

ఆయన కళ్లజోడు తుడుచుకుని బొమ్మని చూశాడు, జాజిని చూశాడు, మళ్లీ బొమ్మని చూశాడు. కాగితం మీద వేలు పెట్టి, "ఈ మేకకి రెండు కొమ్ములూ ఉన్నాయి. అక్కడున్నదానికి ఒకటిన్నరే ఉన్నాది. సెవి కూడా తేడా. ఇది మీ మేక కాదు తల్లీ" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. బేరగాడు చేతులు తట్టుకుని, "సూసినారా! ఆళ్ల బొమ్మే నా పక్క సాచ్చికం సెప్తన్నాది" అన్నాడు. జాజిని ఎవరూ వెక్కిరించకూడదని నేను పెట్టిన కొమ్ము దాన్ని నేరుగా వ్యాన్ ఎక్కించబోతోంది.

అత్త ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. పిల్లడు తప్పు వేశాడండీ అంటే చాలు. ఆ మాట ఆవిడ అనలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. "ఆ కాయితం పక్కనెట్టండి బాబూ. ఈ పక్క అందరికీ కనపడతన్నాది, ఆనవాళ్లు ఎవులైనా సెప్తారు. మేక ఆ పక్క ఎలాగుంటాదో నేను వేస్తాను. ఆ తమ్ముణ్ణి కూడా సెప్పమనండి. అప్పుడు తిప్పండి" అంది. బేరగాడు తల గోక్కుని, "ఆ పక్క ఏటుంటాదమ్మా, బొచ్చుంటాది" అన్నాడు. మళ్లీ నవ్వులు. ఈసారి నవ్వు కొంచెం మా వైపుకి తిరిగింది.

టీ దుకాణం పొయ్యి దగ్గర చల్లారిన బొగ్గు ముక్క ఒకటి తీసుకుని అత్త సిమెంటు అరుగు మీద కూర్చుంది. మొదట వెన్ను గీత లాగింది. తర్వాత కాళ్లు, తల. భుజం దగ్గర చింతగింజంత మచ్చ పెట్టింది. పొట్ట మీంచి కిందికి జారుతున్నట్టు ఒక పొడుగు మచ్చ. తొడ మీద రెండు మచ్చలు, ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు. వెనకకాలి మోకాలి దగ్గర ఒక చోట రుద్ది ఖాళీగా వదిలింది, అక్కడ దెబ్బ తగిలి బొచ్చు మొలవలేదని చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. జనం నవ్వడం మానేసి ఒకళ్ల మీద ఒకళ్లు వంగి చూస్తున్నారు. బేరగాడైతే బేరం సంగతి మర్చిపోయి ఆవిడ పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "తోక కొంచెం పొట్టిగా ఉంటాదేమో సూడమ్మా" అని సలహా కూడా ఇచ్చాడు.

జాజిని బయటికి లాగి తిప్పారు. పెద్దాయన అరుగు మీద బొమ్మనీ మేకనీ పక్కపక్కన పెట్టి చూసి, మోకాలి దగ్గర చేత్తో తడిమి, తాడు విప్పి అత్తకి ఇవ్వమన్నాడు. బేరగాడు తనే తాడు విప్పాడు. "ఇంకేటంటాం? ఫొటో తీయించుకున్న మేక మరి! నాకు అమ్మినోడి సంగతి నాను సూసుకుంటాను" అని, పోతూ పోతూ ఆ బొగ్గుబొమ్మని తొక్కకుండా పక్కనుంచి నడిచాడు.

ఇంటికి వస్తున్న దారిలో నేను తల ఎత్తలేదు. కాగితం మడిచి చేతిలో నలుపుతున్నాను. ఊరి పొలిమేర దగ్గరికి వచ్చాక అత్త చెయ్యి చాపి కాగితం అడిగింది. చీవాట్లు ఇప్పుడు మొదలవుతాయనుకున్నాను. ఆవిడ దాని మడతలు విప్పింది, జాజి మూతి దగ్గర పెట్టింది. జాజి ముందు రెండో కొమ్మే కొరికింది. తర్వాత చెవి, మెడ, కాళ్లు, అన్నీ నమిలేసింది. "సూసినావా, మురిసిపోతాదని సెప్పినాను కదా" అంది అత్త. తర్వాత తాడు నా చేతికిచ్చి ముందు నడవమంది.

వీధిలోకి జాజిని పట్టుకుని వచ్చింది నేను. ఎలా దొరికిందమ్మా అని అందరూ అడిగితే, "మా గుంటడు వేసిన బొమ్మ అట్టుకెళ్లినాం, దొరికినాది" అంది అత్త. ఏదీ ఆ బొమ్మ చూపించమంటే, "బాగుందని మేకే తినీసినాది" అంది. అందులో అబద్ధం ఏదీ అని వెతికితే దొరకదు. ఆ సాయంత్రం పకోడీలు వేశారు. రాత్రి మావయ్య వచ్చి నన్ను భుజం మీద ఎత్తుకున్నాడు. ఎవరూ చూడనప్పుడు నేను గోడ దగ్గరికి వెళ్లి ఆవిడ వేసిన రెండో జాజిని చాలాసేపు చూశాను. మోకాలి దగ్గర ఆ ఖాళీ అక్కడా ఉంది. రోజూ ఆ మేకని కౌగిలించుకునేవాణ్ణి, నేనెప్పుడూ దాన్ని గమనించలేదు.

అత్త నాకు ఆ కథని ఒక్క రోజు కోసం ఇచ్చింది, వీధిలో తలెత్తుకుని నడవడానికి. నేను దాన్ని తిరిగి ఇవ్వలేదు. చెప్పిన ప్రతిసారీ నా బొమ్మ కొంచెం పెద్దదైంది, ఆవిడ కొంచెం చిన్నదైంది. చివరికి కాగితం మోసుకొచ్చిన మనిషిగా మిగిలింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆవిడ మాట అడ్డం వేయలేదు.

ఇప్పుడు ఆదివారాలు ఆ తోటకే వెళుతుంటాను. మావయ్య లేడు. అత్తకి చూపు మందగించింది. వేరే మేకలు, వేరే బాతులు. నరసన్నపేట నుంచి కొందరు పిల్లలు వస్తారు, జంతువుల ముందు కూర్చుని బొమ్మలు వేస్తారు. పోయిన ఆదివారం వాళ్లందర్నీ కూర్చోబెట్టి, పైన రాసినదంతా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అత్త మంచం మీద చింతపండు గింజలు తీస్తూ విన్నది. అంతా అయ్యాక, "ఇన్నేళ్లూ బాగానే సెప్పినావు కదరా, ఇప్పుడెందుకు పాడుసేసినావు?" అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే వెళ్లి ఆవిడ మంచం చుట్టూ చేరారు, మాకూ వేసి చూపించమని. ఆవిడ, "కళ్లు కనపడి సావడం నేదర్రా" అని విసుక్కుంటూనే బొగ్గు తెమ్మంది.

ఒక పిల్ల మాత్రం వెళ్లలేదు. పనసచెట్టు వెనక కూర్చుని తన కాగితాన్ని మోకాళ్ల మధ్య దాచుకుంది. వేసిన బాతు ఎక్కడో పాడైనట్టుంది, కళ్లు తుడుచుకుంటోంది. మిగతావాళ్లలో ఇద్దరు ఏం వేసిందో చూద్దామని అటు పరిగెత్తబోయారు. నేను మేత గంప తీసుకుని వెళ్లి ఆ చెట్టుకీ వాళ్లకీ మధ్య నిలబడ్డాను. నూకలు చల్లి బాతుల్ని పిలిచాను. అవన్నీ అరుచుకుంటూ నా కాళ్ల చుట్టూ మూగాయి, దారి మూసుకుపోయింది. ఆ పిల్ల కొత్త కాగితం తీసుకునేదాకా మేత వేస్తూనే ఉన్నాను.