పది సున్నాలు

తలుపు వేశాక తూకాలక్క దాన్ని ఒకసారి తన వైపు లాగి చూస్తుంది. గడియ పడిందని తెలిశాక కూడా ఇంకోసారి లాగుతుంది. ఏ ఇంటికి వెళ్ళినా అంతే. లోపలున్న బాలింతకు నవ్వొస్తుంది.

"పడిందిలే అక్కా, దొంగలెవరూ రారు."

"దొంగలతో నాకు పేచీ లేదమ్మా, అత్తలతోనే" అంటుంది ఆమె, నవ్వకుండా.

ఆ పేరు ఆమెకు వీధులు పెట్టాయి. తల్లుల కోసం, పసిపిల్లల కోసం నడిచే ఒక చిన్న సంస్థ తరఫున ఇంటింటికీ వెళ్ళి పిల్లల్ని తూచడం ఆమె పని. భుజాన సంచి, అందులో కొక్కెం తూకం, బిడ్డను వేసి వేలాడదీసే గుడ్డ. బరువు రాశాక రెండో పని. కాన్పయిన ఆరో వారంలో ప్రతి తల్లినీ పది ప్రశ్నలు అడగాలి. నవ్వు వస్తోందా. నిద్ర పడుతోందా. ఊరికే భయం వేస్తోందా. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా ఒక అంకె. అంకెలు పెరిగితే మనసు డాక్టరు దగ్గరికి పంపాలి. పదో ప్రశ్న అన్నిటికన్నా కష్టమైనది: ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా.

అడిగేటప్పుడు గదిలో మూడో మనిషి ఉండకూడదు. అది నియమం. అత్తలు ఒక పట్టాన లేవరు. "నా కోడలికి నాకు తెలియని రహస్యాలా?" అంటారు. "లేనప్పుడు కాసేపు బయట కూచుంటే మీకు పోయేదేముంది" అంటుంది తూకాలక్క. లేస్తారు.

ఆ నియమం విలువ ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. తొమ్మిదేళ్ళ కిందట ఆమె ఒక లాండ్రీలో చొక్కాలు మడతపెట్టేది. అప్పుడే చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. ఆరో వారంలో సంస్థ నుంచి ఒకావిడ వచ్చింది. గడప దాటలేదు. చెల్లెలి అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "దానికేం, గుండ్రాయిలా ఉంది. తిని పడుకుంది" అంది. వచ్చినావిడ ఆ గడప మీదే కాగితం నింపుకుని పోయింది. ఆ తర్వాత పందొమ్మిదో రోజున చెల్లెలు బిడ్డకు పాలిచ్చి, పక్కింటావిడ చేతిలో పెట్టి, "ఇప్పుడే వస్తా" అని వెళ్ళింది. ప్రాణంతో తిరిగి రాలేదు.

ఆ పిల్ల ఇప్పుడు తూకాలక్క దగ్గరే పెరుగుతోంది. ఆమెనే అమ్మా అంటుంది. ఆ పిలుపు విన్న ప్రతిసారీ సంతోషం, దాని వెనకాలే ఒక ముల్లు.

సంస్థలో చేరింది సేవకు కాదు. ఆ కాగితం కోసం. చేరిన రెండో ఏడు పాత కాగితాల గది ఖాళీ చేస్తుంటే దొరికింది. పది ప్రశ్నల పక్కన పది సున్నాలు. అన్నీ ఒకే వాలు, ఒక్క గుక్కలో గీసినట్టు. కింద సంతకం, చివర పొడుగాటి తోక.

ఆ తోక ఎవరిదో వెతకాల్సిన పని లేకపోయింది. తన సెలవు చీటీల మీద చూస్తున్నదే. నాడు గడప మీద నిలబడినావిడే నేడు సూపర్‌వైజరు. కొత్తగా చేరినవాళ్ళను కూచోబెట్టి పాఠం చెప్పేదీ ఆవిడే. "గడప మీద అడగొద్దు. తల్లి నోటి నుంచే వినండి. తను ఒప్పుకోకుండా, విన్నది కన్నతల్లికి కూడా చెప్పొద్దు."

తూకాలక్క ముందు వరసలో కూచుని ఆ ముక్కలు పొల్లు పోకుండా రాసుకుంది. ఫిర్యాదు చేస్తే మెమో ఇస్తారు. ఆవిడ రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరుగుతుంది. మెమోతో చల్లారే మంట కాదది. కడుపులో పెట్టుకుంది. ఒకటీ రెండూ కాదు, ఏడేళ్ళు. పాత పగ తుప్పు పడుతుందంటారు. ఆమెది పట్టలేదు. రోజూ వాడే కత్తిపీటలా అరిగేకొద్దీ పదునెక్కింది.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయనా అక్కా?" అనేవాడు సంస్థ వ్యాను డ్రైవరు.

"ముత్యాలు కాదు, రాళ్ళు. నీ నెత్తిన పడతాయి. ముందు చూసి నడుపు."

ఈ ఏడు సూపర్‌వైజరు కూతురికి మగపిల్లాడు పుట్టాడు. కూతురు తల్లి దగ్గరే ఉంది. ఆ వీధి తూకాలక్క జాబితాలోది. ఆరో వారం రానే వచ్చింది.

మూడో అంతస్తు. తలుపు సూపర్‌వైజరే తీసింది. ముడి జారి జుట్టు మెడ మీద పడి ఉంది. భుజాన మనవడు.

"నువ్వొచ్చావా, బతికించావు. కొత్తవాళ్ళొస్తే వాళ్ళకు నేర్పుకుంటూ కూచోవాలి."

తూకాలక్క గుమ్మం పైనున్న మేకుకు తూకం తగిలించి, బిడ్డను గుడ్డలో వేసి తూచింది. నాలుగు కిలోల మూడు వందలు.

"బాగున్నాడు."

"బాగుండకేం, నా చేతుల్లో పెరుగుతున్నాడు. అమ్మాయి పడుకుంది, లేపకు. ఆ ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. అన్నీ సున్నాలే, రాసెయ్."

తూకాలక్క కదల్లేదు.

"ఏంటే అలా చూస్తావు? నీకు తెలియనిదేముంది. కాగితం మీద ఒక్క అంకె పడితే దాని అత్తగారి నోటికి మూత వేసేదెవరు? పిచ్చిదాన్ని అంటగట్టారని ఊరంతా టముకు వేస్తుంది."

ఏడేళ్ళు ఎదురు చూసినది తనంతట తానే వచ్చి కాళ్ళ దగ్గర పడింది. తను చెయ్యాల్సిందేమీ లేదు. చెప్పింది రాస్తే చాలు. రేపేదైనా జరిగితే రాయించింది కన్నతల్లి. చెల్లెలి ముఖం కళ్ళ ముందు మెదిలింది. ఆ ముఖం వద్దనలేదు.

కలం తీసింది. ఒక సున్నా పెట్టింది. పక్కనే ఇంకోటి. అన్నీ ఒకే వాలులో పడుతున్నాయని గమనించింది. మార్చుకోలేదు. నాలిక మీద తీపి తగిలినట్టుంది. తొమ్మిదయ్యాయి.

లోపల కుళాయి ధారగా పడుతోంది. తను తలుపు తట్టినప్పటి నుంచీ పడుతోంది. బకెట్టు జరిపిన చప్పుడు లేదు, గిన్నె కదిలిన చప్పుడు లేదు. ఉత్త నీళ్ళు.

"పడుకుందన్నారు" అంది తూకాలక్క.

సూపర్‌వైజరు మనవణ్ణి ఇంకో భుజానికి మార్చుకుంది. బిడ్డ వీపు మరీ గబగబా తట్టసాగింది.

"పదోది మీరే చదవండి. జవాబూ మీరే చెప్పండి. కంఠతా వచ్చుగా."

ఆవిడ నోరు తెరిచింది. "ప్రాణం..." అని ఆగిపోయింది.

"నోరు రావట్లేదా? తొమ్మిదేళ్ళ కిందట, లాండ్రీ వెనక వీధిలో, నీలం తలుపు ఇంటి గడప మీద దీనికి జవాబు ఎవరు చెప్పారు మీకు?"

"ఏ ఇల్లు?"

"మా చెల్లెలిది."

ఆవిడ నిజంగానే వెతుక్కుంది. కళ్ళు పైకెత్తి వీధులూ తలుపులూ ఒక్కొక్కటే తీసి చూసింది. దొరకలేదు.

"గుర్తు లేదే" అంది మెల్లగా. "నెలకు అరవై ఇళ్ళు. మోకాళ్ళు పట్టేసేవి. అలా చాలా రాశాను."

చెంపదెబ్బ అయినా అంత తగిలేది కాదు. తను ఇన్నేళ్ళు మోసినదాన్ని ఈవిడ ఒక్కపూట మోయలేదు. పదో సున్నా కూడా పెట్టేస్తే రేపు "నాకేం తెలుసు" అని ఏడుస్తుంది, అందరూ ఓదారుస్తారు. అంత తేలిగ్గా వదలకూడదు అనుకుంది తూకాలక్క. ఇది ఆమె తర్వాత చెప్పుకున్న కారణం. అనుకునేలోపే కాళ్ళు గడప దాటాయి. లోపల కుళాయి కట్టలేని మనిషి ఒకరు ఉన్నారు.

కాగితం నిలువునా చింపింది.

"మీరు మెట్ల మీద కూచోండి."

"నా ఇంట్లోంచి నన్నే పొమ్మంటావా?"

"మూడో మనిషి ఉండకూడదు."

బాలింత వంటగది గచ్చు మీద కూచుని, కుళాయి కింద అరచెయ్యి పెట్టి ఉంది. వేళ్ళ కొసల దాకా చర్మం ముడతలు పడింది. తూకాలక్క కుళాయి కట్టలేదు. బట్టలు తడుస్తున్నా పక్కనే కూచుని ఒక్కో ప్రశ్నే అడిగింది. ఆరోదాని దగ్గర ఆ పిల్లే కుళాయి కట్టేసింది. పదోదాని దగ్గర తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"రోజూ" అంది చివరికి. "నీళ్ళు పడుతుంటే ఆ మాట వినపడదు."

"రేపు పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేనుంటాను. ఈలోగా నువ్వు ఒక్కదానివే ఉండకూడదు. ఎవరికి చెప్పమంటావు?"

"మా ఆయనకు. అమ్మకొద్దు."

"ఏం?"

"అమ్మ ఏమీ లేదంటుంది. అమ్మ అంటే నేనూ అనేస్తాను."

తూకాలక్క భర్తకు ఫోన్ చేసింది. క్లినిక్కు నర్సుకు చేసి, ఆవిడ చెప్పిన జాగ్రత్తలన్నీ ఆ ఇంట్లో తీసుకుంది. అతను డ్యూటీ దుస్తుల్లోనే పరుగున వచ్చేదాకా బాలింత పక్క నుంచి లేవలేదు.

మెట్ల మీద సూపర్‌వైజరు నిలబడి ఉంది.

"ఏమంది?"

"చెప్పకూడదు. మీ పాఠమే."

"తల్లినే నేను."

"మాకూ ఒక తల్లి ఉండేది. నీలం తలుపు ముందు నిలబడి వచ్చినవాళ్ళనల్లా ఇదే అడిగింది, నా బిడ్డ ఏమంది, ఏమంది అని. ఒక్కరి దగ్గరా జవాబు లేదు."

అమ్మకొద్దని ఆ పిల్ల అనకపోయినా తను చెప్పి ఉండేది కాదు. ఆ సంగతి తూకాలక్కకు తెలుసు. సిగ్గు వేస్తుందేమోనని మెట్లు దిగుతూ చూసుకుంది. వెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే వ్యాను వచ్చింది. బిడ్డను ఎత్తుకుని భర్త ముందు ఎక్కాడు, చెయ్యిచ్చి బాలింతను ఎక్కించుకున్నాడు. సూపర్‌వైజరు గుడ్డలు సర్దిన సంచితో దిగొచ్చింది. ప్రయాణానికి చెప్పులు కూడా వేసుకుంది. తూకాలక్క పక్కకు వచ్చి గొంతు తగ్గించింది.

"ఒక్క ముక్క చెప్పు. పదోదానికి ఏమంది?"

"సున్నా అని రాసుకోండి."

తూకాలక్క సంచి అందుకుని వ్యాను ఎక్కింది.

"పెద్దావిడ రావట్లేదా అక్కా?" అన్నాడు డ్రైవరు.

"చోటు లేదు."

డ్రైవరు అద్దంలో వెనక్కి చూశాడు. మూడు సీట్లు ఖాళీ. తూకాలక్క ఒకదాని మీద గుడ్డల సంచి పెట్టింది, ఇంకోదాని మీద తూకం. మూడోది తలుపు పక్కది. దాని మీద చెయ్యి ఆనించి, బండి మలుపు తిరిగేదాకా తియ్యలేదు.