తాండూరు బజారులో అవ్వ తిరగేసిన చొక్కాలు

శనివారం ఉదయం ఎనిమిదింటికి వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు పాసింజరు ఎక్కాం, నేనూ మా అవ్వా. మా ఇళ్లల్లో కన్నతల్లినే అవ్వ అంటాం. పూడూరు దగ్గరి మా ఊరి నుంచి ముందురోజే వచ్చి చిన్నమ్మ ఇంట్లో దిగాం. టికెట్టు మనిషికి పది అణాలు. పోలీసు చర్య జరిగి ఆరేడేళ్లు దాటిన కాలం అది.

ఈ ప్రయాణం ఎందుకంటే, సోమవారం నేను బొంరాస్‌పేట బడిలో పంతులుగా చేరాలి. ఆర్డరు చేతికొచ్చింది గానీ వేసుకుపోవడానికి చొక్కా లేదు. వికారాబాద్ దర్జీ పదిహేను రోజులు పడుతుందన్నాడు. కుట్టి సిద్ధంగా పెట్టిన చొక్కాలు తాండూరు బజారులో దొరుకుతాయని చిన్నమ్మ చెప్పింది.

చొక్కా లేదంటే బొత్తిగా లేదని కాదు. మాది తరాల నుంచీ కూలి చేసుకునే ఇల్లు. దసరా వెళ్లాక పటేలు ఇంట్లో విడిచిన బట్టలు అవ్వకు ఇచ్చేవారు. మాకు అవే కొత్తవి. నేను నాలుగో తరగతిలో ఉండగా పటేలు కొడుకు వెనక నుంచి నా కాలరు పట్టుకుని, "గిది నా అంగి" అని అందరూ వినేలా అన్నాడు. పిల్లలు నవ్వారు. పంతులూ నవ్వాడు. ఆ నవ్వు నేనింకా మరిచిపోలేదు. అందుకే పంతులుగా బడిలో అడుగుపెట్టే రోజున నాకంటే ముందు ఎవరూ తొడగని చొక్కా ఒంటిమీద ఉండాలని పట్టుబట్టాను. కొనగలిగేది ఒక్కటే. ఏడాదైనా నిలవాలి.

నిజం చెప్పాలంటే అవ్వను వెంట తేవడం నాకు ఇష్టం లేదు. పుట్టి బుద్ధెరిగి ఒక్క కొత్త బట్ట కొనని మనిషికి బజారు సంగతి ఏం తెలుస్తుందని నా ధీమా. "నేను గూడ వస్త కొడుకా, జర చూస్త" అంటే కాదనలేకపోయాను.

ధారూరులో కందుల మూటతో ఒకావిడ ఎక్కి మా ఎదుట కూర్చుంది. కొడుకేం చేస్తాడని అవ్వను అడిగింది. "సర్కారు బళ్లె పంతులు" అంది అవ్వ, కాస్త గట్టిగానే. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "పంతులా? మరి గా మాసికలేంది?" అంది. "గందుకే తాండూర్ పోతున్నం" అని అవ్వ నవ్వేసింది. నేను కిటికీలోంచి రుక్మాపూర్ వచ్చేదాకా చేలు చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిదిన్నరకు తాండూరులో దిగాం. స్టేషన్ బయట నాపరాళ్లు ఎత్తిన బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. సగం మాటలు కన్నడంలో వినబడ్డాయి. బజారు దగ్గరే, మీలో ఎవరైనా వెళ్తే టాంగా ఎక్కకండి, నడవండి. చెరో చాయ్ తాగి పదింటికి దుకాణం చేరాం. అరుగు మీద ఒక ముసలి దర్జీ మిషను కుడుతున్నాడు. లోపల గోడ పొడవునా చొక్కాలు వేలాడుతున్నాయి. ఒక్కచోట అన్ని కొత్త చొక్కాలు నేనెన్నడూ చూడలేదు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

దుకాణదారు మమ్మల్ని చూడగానే ఏమనుకున్నాడో, చొక్కాలు చేతికివ్వకుండా గడప పక్కనున్న బల్ల మీదికి విసిరాడు. అందులో ఒక తెల్లది మల్లెపువ్వులా మెరిసిపోతోంది. నా కళ్లు దాన్ని వదల్లేదు. "ఇదే" అన్నాను.

అవ్వ గడప బయటే ఆగిపోయింది. చేతులు కొంగుకు రెండుసార్లు తుడుచుకుని, "ఒక్కసారి ముట్టి చూడొచ్చా సేటూ?" అని అడిగింది. అతను తలాడించాడు. ఆమె ఆ చొక్కా కొస పిడికిట్లోకి తీసుకుని నలిపి వదిలింది. తెల్లటి పొడి గడప మీద రాలింది. "గంజి కొడుకా. ఒక్క ఉతుకుకు దోమతెరైతది" అంది మెల్లగా.

తరవాత రెండోది అందుకుని లోపలివైపు బయటికి తిరగేసింది. దుకాణదారుకు చిరాకేసింది. "ఏందమ్మా, అంగి పైన చూస్తరు గాని లోపట చూస్తరా?" అన్నాడు. ఆమె చంక దగ్గర కుట్లు కలిసేచోట రెండు బొటనవేళ్లతో మెత్తగా లాగి, వెలుతురుకు పట్టింది. కుట్టు వెంట సన్నని చిల్లులు తెరుచుకున్నాయి. "గిది చంకల పోతది." ఇంకోదాన్ని భుజాలు పట్టి వేలాడదీసింది. అది ఒక పక్కకు మెలి తిరిగింది. "గుడ్డ వంకరగ కోసిండ్రు. ఎన్నిసార్లు ఉతికితే అంత తిరుగుతది." ఇంకోదాని గుండీ కింద వేలు పెట్టి చూసి, "దారం సుట్టలె, ముడెయ్యలె" అంది. పక్క కుట్టు అంచు మడవకుండా వదిలేసిన చొక్కాను మాట్లాడకుండానే పక్కన పెట్టింది.

ముప్పై ఏళ్లు ఇతరుల పాత బట్టలకు మాసికలు వేసిన చేతులవి. చిరిగిన చొక్కా మడతలోంచే దారం లాగి, రంగు కలిసేలా ఆ చిరుగునే కుట్టేది. ఏ బట్ట ఎక్కడ ఓడిపోతుందో ఆమె వేళ్లకు తెలుసు. ఆ వేళ్లనే నేను బజారుకు తేవడానికి సిగ్గుపడ్డాను.

ఎప్పుడాగిందో గానీ అరుగు మీద మిషను చప్పుడు ఆగిపోయింది. దర్జీ లేచి నిలబడి చూస్తున్నాడు.

అవ్వ పరీక్ష సాగుతూనే ఉంది. చివరికి అడుగున పడి ఉన్న మట్టిరంగు చారల చొక్కా ఒకటి తీసింది. నేను కన్నెత్తి కూడా చూడని రంగు. తిరగేసింది. లోపల అంచులు రెండు మడతలు మడిచి కుట్టి ఉన్నాయి, బయట ఎంత శుభ్రమో లోపలా అంతే. జేబు చారలు చొక్కా చారలతో గీత తప్పకుండా కలిశాయి. చంక లాగింది, చిల్లు తెరుచుకోలేదు. అవ్వ ముఖంలో నవ్వు కనబడింది.

"అమ్మా, గా అంగి నా చేతిపని" అన్నాడు దర్జీ. "మిగిలినయన్ని పట్నం నుంచి మూటల వచ్చినయ్. గిదొక్కటి ఒక సాబ్ కోసం కుట్టిన, ఆయన మళ్ల రాలె. మీరు ఏ దర్జీ దగ్గర పని నేర్సుకున్నరు?"

"ఎవలు నేర్పలె సాబ్. అంగీలు చినిగినంకనే నా చేతికొస్తయ్" అంది అవ్వ.

ముసలాయన కుడిచెయ్యి నుదుటికి ఆనించి సలాం చేశాడు. "బయట నిలబడ్డరేంది, లోపలికి రాండ్రి" అన్నాడు. దుకాణదారు బల్ల ముందున్న పీట ఇటు జరిపాడు.

నాకు ఇంకో భయం పట్టుకుంది. "అవ్వా, ఎవరో సాబ్‌కు కుట్టిందట. ఆయన గానీ తొడిగి చూసుంటే?" అని చెవిలో అడిగాను. ఆమె నా ముఖంలోకి ఒక నిమిషం చూసింది. ఎందుకడిగానో ఆమెకు అర్థమైంది. కాలరు ముక్కుకు ఆనించి వాసన చూసింది. ఒక్కో కాజాలో గోరు పెట్టి చూసింది. ఆఖరిదాకా చూసి, "గుండీ ఇంక కాజాల దూరలె కొడుకా. నువ్వే మొదలు" అంది. నాకు కళ్లు చెమర్చాయి. ముసలాయన చూడకుండా మొహం తిప్పుకున్నాను.

డబ్బిచ్చి చొక్కా పొట్లం కట్టించుకున్నాం. మధ్యాహ్నం స్టేషన్‌లో జొన్నరొట్టెలు, ఉల్లికారం తిన్నాం. బండి నాలుగున్నరకన్నారు, అయిదు దాటాక వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది. తాండూరులో నేను చూసిన గొప్ప వింత ఏదంటే, మా అవ్వ. ఇరవై రెండేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఆ రోజే చూశాను.

"మొదటి జీతం రాంగనే నీకు కొత్త చీర" అన్నాను. ఆమె ఒళ్లో పొట్లం విప్పి, చొక్కా లోపలి కుట్టు మీద వేలు నడిపిస్తూ కూర్చుంది. ధారూరు దాటాక అంది:

"ఇన్నేండ్ల సంది ఒకలు తొడిగి ఇడిసినయే నా చేతికొచ్చినయ్. కొత్తంగి ఎట్ల పాతదైతదో నేనెన్నడు చూడలె. దీన్ని నువ్వే తొడిగి తొడిగి పాతది జెయ్యి కొడుకా. నేను చూస్త."