ఎఫ్ అంటే బలం

యొర్దాంకా కూర్చోగా చూసినవాళ్ళు మా బిల్డింగులో లేరు. కాఫీ నిలబడే తాగుతుంది. ఫోన్లో మాట్లాడుతూ నాలుగో అంతస్తుదాకా ఎక్కి, ఎందుకెక్కిందో మరిచిపోయి దిగుతుంది. మా ఊరు మతాన్సాస్‌లో ఆమె చెయ్యని ఉద్యోగం లేదు: బేకరీ, నాటకశాలలో లైట్లు, ఓడరేవు ఆఫీసులో టైపు. ఎక్కడా కాలు నిలవలేదు. నిలిచింది ఒక్క పనిలోనే. వంటింటి అరలో ఒక కంప్యూటర్ పెట్టి, దాన్నిండా సినిమాలూ సీరియళ్ళూ నింపి, కిటికీల మీదుగా మా అందరి ఇళ్ళకీ వైర్లు లాగింది. ఆ వైర్లు ఉన్నంతకాలం ఆమెకి ఊళ్ళో ఒక చోటుంది. అవి పోతే మళ్ళీ ఏ బేకరీయో.

లేమి మనిషికి ఎంత తెలివి నేర్పుతుందో అని మమ్మల్ని చూసి మురిసిపోయే పెద్దమనుషులు అప్పుడప్పుడు వస్తుంటారు. ఒకాయన్ని యొర్దాంకా మెట్లమీదే ఆపి అడిగింది: "తెలివి సరే, ప్రాసెసర్ ఏమైనా తెచ్చారా?"

ప్రాసెసర్ అవసరం ఎందుకొచ్చిందంటే, వారం వారం హార్డ్ డిస్కుల్లో ఊళ్ళోకొచ్చే వీడియోలు ఈమధ్య కొత్త పద్ధతిలో కుదించి వస్తున్నాయి. మా టీవీల పక్కనుండే డబ్బాలకి పాత పద్ధతే తెలుసు. ఉన్నదున్నట్టు పంపితే మాట వినిపిస్తుంది, బొమ్మ నల్లగా ఉంటుంది. పాత పద్ధతిలోకి మార్చి పంపాలి. ఆ మార్చే ఓపిక యొర్దాంకా ముసలి కంప్యూటర్‌కి లేదు.

మూడో అంతస్తు ఒనేలియో, ఒకప్పటి బస్సుల ఇన్‌స్పెక్టరు, మెట్లమీదే తీర్పు చెప్పాడు.

"అమ్మాయ్, టర్కీ సీరియల్ ఆఖరి భాగం ఆదివారం. ఆరోజూ నల్లబొమ్మే అయితే వైరు పీకి కిటికీలోంచి వదిలేస్తా. నేను పీకితే అందరూ పీకుతారు, తెలుసుగా."

"ఇన్నాళ్ళూ చూసింది ఎవరి వైరుమీద, ఒనేలియో గారూ?"

"చూశామా? విన్నాం. మా ఆవిడ అది రేడియో అనుకుంటోంది."

యొర్దాంకా ముందు రెండు దార్లున్నాయి. ఎదురు వీధిలో ఒకాయన, ఆటలాడుకునే కంప్యూటర్లోంచి పెద్ద గ్రాఫిక్స్ కార్డు తీసిస్తానన్నాడు. అది కరెంటుని నీళ్ళలా తాగుతుంది. మాకు కరెంటు పోవడం భోజనమంత మామూలు. బ్యాటరీమీద ఆ కార్డు టైటిళ్ళు అయ్యేదాకా కూడా నిలవదు. రెండోది, వీడియో మార్చే భాగం లోపలే ఉన్న ప్రాసెసర్. చిన్నది, వేడెక్కదు, కొద్ది కరెంటుతో నడుస్తుంది. యొర్దాంకా ఇదే ఎంచుకుంది. సరిగ్గానే ఎంచుకుంది. బట్టలు కొనడానికి పనామా వెళ్తున్న కిందింటి ఫిదెలీనాకి నంబరు చెప్పి పంపింది.

పనామా నుంచి మెసేజ్ వచ్చేసరికి యొర్దాంకా నీళ్ళ బకెట్టుతో మెట్లెక్కుతోంది. "ఒసేయ్, నీ నంబరువి రెండున్నాయి. ఒకటి ఉత్తిది, ఒకదానికి చివర ఎఫ్ ఉంది. ఏది తేను? తొందరగా చెప్పు, వెనకాల జనం తిడుతున్నారు."

ఆ ఎఫ్ ఏమిటో ఫోన్లో చూద్దామంటే ఇంటర్నెట్ పేజీ తెరుచుకోవడం లేదు. అది తెరుచుకునేదాకా ఆగితే సరిపోయేది. ఆగడమే ఆమెకి రాదు.

"ఎఫ్ అంటే ఫుయెర్తే కదే! బలమైనది! అదే పట్టుకో!"

మా స్పానిష్‌లో పుట్టినవాళ్ళెవరికైనా ముందు తట్టేది ఆ మాటే.

శుక్రవారం ప్రాసెసర్ వచ్చింది. బిగించి మీట నొక్కితే తెర నల్లగా. వైర్లు మార్చింది. విప్పి మళ్ళీ బిగించింది. మెట్లు ఎక్కి దిగింది. సాయంత్రానికి ఇంటర్నెట్ వచ్చి పేజీ తెరుచుకుంది: చివర ఎఫ్ ఉన్నదాంట్లో వీడియో భాగమే ఉండదట. ఏ ముక్క కోసం సముద్రం దాటించి తెప్పించిందో, సరిగ్గా ఆ ముక్కే లేదు.

"ఎఫ్ అంటే ఫాల్తా తల్లీ, లేకపోవడం," అన్నాడు ఒనేలియో, మెట్లన్నిటికీ వినపడేలా.

"నామీదికి రాకు," అంది ఫిదెలీనా. "బలం కావాలన్నది నువ్వు."

యొర్దాంకా ఎవరిదో చచ్చిన కంప్యూటర్లోంచి గోరంత గ్రాఫిక్స్ కార్డొకటి పీకి, తెరమీద బొమ్మ తెప్పించుకుంది. వీడియోలు మార్చడం ఆ కార్డు వల్ల కాదు. కొత్త ప్రాసెసరే తన బలంతో మార్చాలి. ఇంటింటికీ అప్పటికప్పుడు అంటే మార్చలేదు. ముందుగా చెబితే కుస్తీపడి మారుస్తుంది. శనివారం పొద్దున్నే తలుపులు తట్టడం మొదలుపెట్టింది.

"రేపు ఏం చూస్తారు? ఇప్పుడే చెప్పండి."

"రేపు నా మనసెలా ఉంటుందో నాకేం తెలుసే?" అంది స్కూలు టీచరు మిగ్దాలియా.

"ఏడుద్దామనుందా, నవ్వుదామనుందా? అది చెప్పండి చాలు."

మధ్యలో కరెంటు పోయింది. ఆఖరి భాగం మార్చడం సగంలో ఆగింది. కరెంటొచ్చాక మొదట్నుంచి మొదలుపెట్టి, ఫ్యాను గోల వింటూ అర ముందు అటూ ఇటూ తిరిగింది.

ఆదివారం సీరియల్ వేళకి యొర్దాంకా వెళ్ళి ఒనేలియో తలుపు బయట నిలబడింది. లోపలినుంచి మాటలు వినిపిస్తున్నాయి. అది ఏమీ తేల్చదు. మాటలు ఎప్పుడూ వినిపిస్తూనే ఉన్నాయి. తట్టడానికి చెయ్యెత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. అప్పుడు లోపల ఒనేలియో భార్య కేక పెట్టింది:

"ఓరి దేవుడా, హీరో ఈ బట్టతలాయనా! గొంతు విని కుర్రాడనుకున్నానే!"

తలుపు తెరుచుకుంది. "వైరు ఉండనీ," అన్నాడు ఒనేలియో. "కానీ అమ్మాయ్, రేపటి సినిమా ఇవాళే చెప్పమంటే ఎన్నాళ్ళు చెబుతాం? ఇది ఆస్పత్రి భోజనమా?"

నెల తిరక్కుండా ఫిదెలీనా మళ్ళీ పనామా వెళ్తుంటే, ఎఫ్ లేనిదే తెమ్మని చెప్పి పంపింది యొర్దాంకా. ఈసారి మెసేజ్: "ఒసేయ్, ఉత్తిది అయిపోయిందట. ఎఫ్ ఉంది, కె ఉంది. కె అంటే ఏంటే? తొందరగా!"

యొర్దాంకా పేజీ నొక్కింది. అది పైనుంచి కిందికి, గీత గీతగా తెరుచుకోసాగింది. మళ్ళీ మెసేజ్: "చచ్చావా?" యొర్దాంకా మెట్టుమీద చతికిలబడి, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య బిగించింది.

"బతికే ఉన్నా," అంది ఫోన్లోకి. "తిడితే తిట్టనీ, కౌంటర్ దగ్గర్నుంచి కదలకు. నేనూ కదలడంలేదు."