గోవిందప్ప పసుపు తువ్వాలు

కంటబడిన ప్రతిదాన్నీ తన తువ్వాలుకు అద్ది చూడటం గోవిందప్పకున్న జబ్బు. అది పసుపులో ముంచి ఆరేసిన తువ్వాలు. పసుపునీళ్లలో సున్నం పడితే ఎర్రనీళ్లయినట్టే, చౌడునేల మట్టి తగిలినా పసుపు ఎర్రబడుతుందని ఉరవకొండలో రైతుల శిక్షణకు పోయినప్పుడు ఎవరో చెప్పారు. అంతే, ఇక ఆయన ఆగలేదు.

రామాంజులు టీకొట్టులో టీ అద్ది చూసి, “బాగుండాది, తాగొచ్చు” అన్నాడు.

“ఇన్ని దినాలూ ఏం తాగుతాంటివప్పా?” అన్నాడు రామాంజులు.

2001లో సర్పంచ్ ఓట్లకు వచ్చిన పెద్దమనిషి చొక్కా అంచు తడిపి అద్దితే ఎర్రగా తేలింది. “బట్టలుతికిన సోడా సరిగ్గా జాడించల్యా సార్. ఒళ్లు దురదపెడతాది” అన్నాడు. పాపం, ఆయన మీటింగయ్యేదాకా గోక్కుంటూనే ఉన్నాడు.

కొత్తగా కాపురానికొచ్చిన హనుమక్కకు ఇదంతా వేడుకగా ఉండేది. నవ్వుకోవడానికి ఆమెకు ఆ ఊళ్లో వేరే ఏమీ లేదు. ఆమె వచ్చిన ఏడే బోరు కింద చేనంతా తెల్లగా పొక్కి, వేరుశనగ మొలకలోనే మాడిపోయింది. “ఈమె కాలు పెట్టింది, నేల తెల్లబడింది” అని అత్త బయమ్మ కనిపించిన వాళ్లందరికీ చెప్పేది. హనుమక్క బావి దగ్గరికి పోవడం మానేసింది.

ఒకరోజు గోవిందప్ప ఆ చేని మట్టి తడిపి, అత్తాకోడళ్ల ముందే తువ్వాలుకు అద్దాడు. కుంకుమబొట్టంత మరక తేలింది.

“చూస్తివా, నా భూమి నెత్తురు కక్కుతాండాది,” అంది బయమ్మ. “ఇది కాలుపెట్టిన ఫలం.”

గోవిందప్ప ముఖం చిన్నబోయింది. తువ్వాలు మడుచుకుని వెళ్లిపోయాడు. ఆయన్ని తిట్టుకుంటూ హనుమక్క ఆ పూట అన్నం ముట్టలేదు.

మరునాటి నుంచి ఆయన ఊళ్లో ఏ చేనూ వదల్లేదు. బోరున్న చోటల్లా తువ్వాలు ఎర్రబడింది. ఎర్రబడిన ప్రతి చోటా, “మీ ఇంటికి కొత్తకోడలు ఎవరన్నా వచ్చిందా?” అని అడిగాడు. ఎవరింటికీ రాలేదు. చివరికి బయమ్మ బోరు తొట్టి దగ్గర కూర్చుని, అంచున పేరుకున్న తెలుపు గీకి అద్దాడు. అదీ ఎర్రబడింది.

“వదినా, ఏండ్లుగా ఈ నీళ్లలోని ఉప్పే చేన్లో పేరుకుంటాండాది. ఈ బోరు ఎప్పుడు ఏయించినారు?”

“మీ అన్న ఉన్నప్పుడు.”

“అప్పటికి ఈ పాప యాడుండాది?”

బయమ్మ చెంగు దులుపుకుని ఇంటిదారి పట్టింది. జవాబు ఊరంతా చెప్పుకుంది.

“మా ఆయప్పకు ఊరి చేలన్నీ అద్దాల్సిన పనేం లేదు పాపా,” అంది హనుమక్కతో గోవిందప్ప భార్య నారాయణమ్మ. “నీ ఒక్కదాని మింద మాట నిలబడగూడదని ఎండలో తిరిగినాడు. ఒళ్లు కాలి రెండు దినాలు పండుకున్యాడు.”

వ్యవసాయ ఆఫీసు నుంచి చౌడు విరిచే జిప్సం లారీ వచ్చింది. చల్లి దున్ని, గట్లు కట్టి కాచుకున్నారు. ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చినా గట్టిగానే కురిసింది. నిలబెట్టిన నీళ్లు ఉప్పును కరిగించుకుని కాలవలోకి పోయాయి. మరుసటి ఏడు పచ్చిరొట్ట ఎరువుకు వేసిన జీలుగ మోకాలెత్తు లేచింది.

హనుమక్క బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసి తీసుకెళ్లింది. గోవిందప్ప తీరిగ్గా తిని అడిగాడు.

“మీ అత్త మాటలు తగ్గినాయా?”

“యాడ మామా. జీలుగ తన చేతి చలవంటాండాది.”

“అననీలే పాపా,” అన్నాడు గోవిందప్ప. “నేలకైతే జిప్సం ఉండాది. నోటికి ఇంకా మందు రాల్యా.”