సర్జ్‌కు ఒకటే అర్థం చెప్పిన రోజు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా జగిత్యాల మంచిదే. నా నోరే, కుదరబోయే పెళ్లిని నాలుగు మాటల్లో చెడగొట్టింది. ఎట్లాగో చెబుతాను, నవ్వుకోండి.

తెలంగాణ ఉద్యమం రోజులు. కాలేజీలు బంద్. దీక్ష టెంటులో బోర్డు పెట్టి, కూర్చున్నవాళ్లకు రోజుకొక ఇంగ్లీషు మాట నేర్పేవాణ్ని. అప్పుడే కోరుట్ల నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి ఫొటో చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించలేదు. నా ఫొటో మాత్రం ఇంకా పంపలేదు, స్టూడియోలూ బంద్ మరి.

ఆ రోజు మాట ‘సర్జ్’. జనం ఒక్కసారిగా ముందుకు ఉరకడం, ధర అమాంతం పెరగడం, అల ఎగసిరావడం, కరెంటు ఉన్నట్టుండి ఎక్కువ కావడం, అన్నీ సర్జే అని చెప్పాను. తర్వాత అందరూ ర్యాలీకి పోయారు. టెంటుకు నేనొక్కణ్నే కాపలా.

అప్పుడొచ్చాడు ఒకాయన. ఇస్త్రీ చొక్కా, కురచ జుట్టు, జేబులో చిన్న నోటుబుక్కు. మఫ్టీ పోలీసు కాక ఇంకెవరు? ఆ రోజుల్లో పాలవాడు కొత్తగా కనిపించినా మాకు మఫ్టీయే.

బోర్డు చూసి అడిగాడు. “సర్జ్ అంటే ఏంది తమ్మీ?”

జనం ఉరకడమంటే కేసు పెడతాడు. ధర పెరగడమన్నా సర్కారును తిట్టినట్టే. “కరెంటు ఎక్కువచ్చుడు సారు. టీవీలు కాలిపోతయి.”

“ఇంకేం అర్థాల్లేవా?”

“లెవ్వు. గంతే.”

నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు.

“గీడ ఇంగ్లీషు చెప్పే మల్లేశం ఎసుంటోడు?”

ఆ మల్లేశాన్ని నేనే. తాగుబోతును ఏ పోలీసూ ఉద్యమం కేసులో ఇరికించడని బుర్రకు తట్టింది. “వాడా? ఉద్యమం గిద్యమం ఏం లేదు సారు. పొద్దుగాల్నే తాగి పండుకుంటడు.”

“మరి ఇంగ్లీషు?”

“ఏబీసీడీలే సక్కగ రావు. నాకు గా ఒక్క అర్థం నేర్పింది గాడే.”

ఆయన నిట్టూర్చి, నా భుజం తట్టి పోయాడు. పోలీసును బురిడీ కొట్టించానన్న సంబరంలో ఆ సాయంత్రం ఎనిమిది మిర్చి బజ్జీలు తిన్నాను.

మర్నాడు సంబంధం తెచ్చిన పెద్దమనిషి వచ్చి మా నాయినతో అన్నాడు. “వద్దన్నరు బావా. పిల్ల మేనమామ ఇంగ్లీషు సారు. చాటుంగ ఆరా తీద్దామని టెంటు కాడికి అచ్చిండట. మనోడు తాగుబోతని ఆడున్న పిలగాడు చెప్పిండట.”

మా నాయిన కర్ర అందుకున్నాడు. “ఎవడాడు? నడువు మల్లేశం, ఎతుకుదాం.”

చెప్పులేసుకుని వెంట నడిచాను. సాయంత్రం దాకా జగిత్యాలంతా నన్ను నేనే వెతికాను. ఫొటోలోని అమ్మాయి గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగితే, ఆ పిలగాడి మీద కోపమనుకున్నాడు మా నాయిన.

అందుకే ఒట్టేసి చెబుతున్నాను. ఇక మీదట చేతిలో బేడీలు పట్టుకుని అడిగినా సరే, మల్లేశం బుద్ధిమంతుడనే చెబుతాను.